గుండ్లపరుపు ఏడో ఋతువు

మా గుండ్లపరుపులో వాన కురిసిందా లేదా అన్నది ఆకాశాన్ని చూసి చెప్పకూడదు. నా పెరట్లోకి వచ్చి చూడాలి. అక్కడ కరివేపాకు చెట్టు పక్కన, సిమెంటు దిమ్మె మీద, ఋతు నిర్వహణ సంస్థ వారి వర్షమాపకం ఉంది. మోకాలెత్తు రేకు గొట్టం, పైన గరాటు, లోపల ఒక సీసా. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలో నీళ్లు ఎంత మేరకు ఉన్నాయో చూసి సంస్థకు ఫోనులో చెప్పడం నా బాధ్యత.

ఊరందరిలో నన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, మా ఇంటికి ప్రహరీ గోడ ఉంది కాబట్టి మేకలు రావు. నేను భూగోళశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ని కాబట్టి అంకెలు తప్పుగా చెప్పననుకున్నారు. మా ఆవిడ శారద పోయాక, పొద్దున లేచి చేయక తప్పని పని ఒకటి నాకు ఉండడం మాత్రం ఆ సంస్థవారు తమకు తెలియకుండా చేసిన ఉపకారం. అందుకు వారి మీద నాకు కృతజ్ఞత ఉంది. ఈ కథంతా చెప్పేటప్పుడు ఆ సంగతి మరిచిపోకూడదని ముందే చెబుతున్నాను.

మాది కర్నూలు పడమటి మెట్ట. పండేది వాము. పొట్టలో మంట పుట్టిన ప్రతివాడికీ గుర్తొచ్చే గింజ ఇది. అది పండించేవాళ్లు మాత్రం ఎవరికీ గుర్తురారు. కోసిన వాము ఎండలో ఎండాలి. ఎండే సమయంలో ఒక్క జల్లు పడినా గింజ నల్లబడుతుంది, వాసన పోతుంది. వాసన లేని వామును వ్యాపారి చేత్తో కూడా ముట్టడు.

పూర్వం జనవరిలో మాకు వాన అన్నది లేదు. నాలుగేళ్ల కిందట మొదలైంది. సరిగ్గా కోతలయ్యి పంట కళ్లాల్లో ఉన్నప్పుడు రెండు రోజులు దంచి కొట్టి వెళ్లిపోయింది. అకాల వర్షం కింద సాయం అడిగితే, జనవరిలో వాన కురవదు కనుక మీ పంట తడిసి ఉండదని సంస్థ నుంచి జవాబు వచ్చింది. మరుసటి ఏడూ అంతే. ఆ పై రెండేళ్లూ అంతే.

సాయం రాకపోయినా బతకాలి కదా. ఊరివాళ్లు ఒకరితో ఒకరు పోట్లాడుకుంటూనే పద్ధతులు మార్చుకున్నారు. చేనంతా ఒకేసారి విత్తడం మానేసి, మూడు ముక్కలు చేసి, ఒక్కో వానకు నేల పదునైనప్పుడు ఒక్కో ముక్క విత్తారు. ఒకటి పోయినా ఇంకోటి మిగులుతుందని. మట్టి కళ్లాలు వదిలేసి, ఊరి పడమర ఎత్తున ఉన్న పరుపుబండ మీదికి పంట మార్చారు. బండ మీద నీళ్లు నిలవవు. గింజ పూర్తిగా ముదరక ముందే కోసి, కట్టలు కట్టి నిలబెట్టి ఎండబెట్టడం నేర్చుకున్నారు. ఇవన్నీ ఎవరూ చెప్పకుండా చేశారు. అక్కడితో ఆగకపోవడమే వాళ్లు చేసిన పొరపాటని తర్వాత తెలిసింది.

ఎందుకంటే ఇంత చేశాక, వాళ్లు సంస్థవారిని ఊరికి పిలిచి ఒకే ఒక్క కోరిక కోరారు.

ఆ సభకు సంస్థ సంచాలకులు సుధీంద్రరావు గారు వచ్చారు. సన్నగా, మర్యాదగా ఉంటారు. ఎప్పుడూ ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని మాట్లాడతారు. బజారి అనే రైతు లేచాడు. పరుపుబండను మొదట శుభ్రం చేసి వాడింది అతనూ, అతని భార్య సుంకులమ్మానే.

"సార్, మాకు డబ్బులు గిబ్బులు వద్దు. జనవరిలో వాన వస్తాదని మీరు ఒప్పుకోండి. మేం అబద్ధం చెప్పల్యా అని ఒప్పుకోండి, సాలు."

సుధీంద్రరావు గారు లేచి నిలబడ్డారు. "ఒకసారి వస్తే అకాలం. రెండుసార్లు వస్తే వైపరీత్యం. నాలుగేళ్లు వరుసగా ఒకే పక్షంలో వచ్చిందంటే, ప్రజలారా, దానిని ఇంకా అకాలమనడం ఆ వర్షాన్ని అవమానించడమే. అది ఋతువు. మన పూర్వులు ఆరింటితో ఆగిపోయారు. గుండ్లపరుపు పరిధిలో జనవరి ద్వితీయార్ధాన్ని ఏడవ ఋతువుగా, శీతవర్షర్తువుగా గుర్తిస్తున్నాం."

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా ఊరికి సొంతంగా ఒక ఋతువు రావడం చిన్న విషయం కాదు.

చప్పట్లు ఆగాక తతిమ్మాది తెలిసింది. వాన ఋతువులో వచ్చినప్పుడు అది నష్టం కాదు కనుక నష్టపరిహారం అన్న మాట ఇక ఉండదు. అకాల వర్షాల పథకం కింద అంతకుముందెప్పుడో ఇచ్చిన ప్లాస్టిక్ పట్టాలు అకాల వర్షాలకే కనుక వాపసు ఇవ్వాలి. ఒక ఉద్యోగి ఇంటింటికీ తిరిగి పట్టాలు మడిచి జీపులో వేసుకున్నాడు. సుంకులమ్మ తన పట్టాను ఉతికి, ఆరబెట్టి మరీ ఇచ్చింది.

"ఉతకడం ఎందుకమ్మా?" అన్నాను.

"మురికిగా ఇస్తే, వానలోనే వాడినామని దానికీ ఏదో ఒకటి అంటారేమో సార్" అంది.

ఈ ఏడు సెప్టెంబరు నుంచి సుంకులమ్మ ఒకే మాట మీద ఉంది. ఈసారి సుగ్గికి పోనని. సుగ్గి అంటే మా వైపు పంట పోయిన ఇళ్లకు తాళాలు పడే కాలం. కూలీలను కుదుర్చుకునే మేస్త్రీ తెచ్చిన టెంపోల్లో పిల్లాజెల్లా ఎక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళతారు. వామును పోగొట్టుకున్నవాళ్లు మిరపను ఏరుతారు. ఏదో ఒక ఘాటు మమ్మల్ని వదలదు. మూడేళ్లుగా బజారి, సుంకులమ్మ వెళుతున్నారు, కూతురు మల్లేశ్వరిని కూడా తీసుకుని. ఈ ఏడు మల్లేశ్వరి పదో తరగతి. మార్చిలో పరీక్షలు.

"పంట చేతికొస్తే పోను. రాకుంటే టెంపో ఎక్కాల్సిందే. మేస్త్రీకి మాట ఇయ్యలే, కాదనీ అనలే" అంది నాతో, జనవరి మధ్యలో ఒక పొద్దున. నా పెరట్లో కరివేపాకు కోసుకోవడానికి వచ్చింది. ఆకు మరీ పలచగా, ముడుచుకుని ఉంది. శారద ఉన్నప్పుడు గిన్నెలు కడిగిన నీళ్లు దానికి పోసేది. నాకు అన్ని గిన్నెలు కావడం లేదు.

"ఈసారి వాన రాదేమోనమ్మా. మబ్బు జాడే లేదు" అన్నాను.

"నీ నోటి మాట నిజం కానీ సార్."

నా నోటి మాట నిజమైంది. ఏడవ ఋతువు ప్రవేశించింది కానీ వాన రాలేదు. ఆకాశం తుడిచిన పలకలా ఉంది. పరుపుబండ మీద వాము కట్టలు ఎంత బాగా ఎండాయంటే, పడమటి గాలి వీచినప్పుడల్లా ఊరంతా అజీర్తి నయమైనట్టు ఉండేది. నేను రోజూ సంస్థకు ఫోను చేసి "సున్నా" అని చెప్పేవాణ్ని. ఇంత సంతోషంగా ఎప్పుడూ సున్నాలు చెప్పలేదు. అవతల ఫోనెత్తే అమ్మాయి గొంతు మాత్రం రోజురోజుకూ దిగాలు పడింది.

చివరికి ఒక రోజు అడిగేసింది. "సార్, మీ ఊరివాళ్లు ఎలా ఉన్నారు? ధైర్యంగా ఉన్నారా?"

"పండగలా ఉన్నారమ్మా."

"షాక్‌లో ఉంటే అలాగే ఉంటారు సార్" అంది జాలిగా.

మర్నాడే సుధీంద్రరావు గారు దిగారు. పంచాయతీ ఆఫీసు ముందు జనాన్ని కూర్చోబెట్టి, గద్గద స్వరంతో ప్రకటించారు. "శీతవర్షర్తువులో మీ గ్రామానికి రావలసిన వర్షంలో ఒక్క చుక్క కూడా రాలేదు. లోటు నూటికి నూరు. ఇంతటి కరువు ఈ ఋతువు చరిత్రలోనే లేదు."

ఆ ఋతువు చరిత్ర అప్పటికి ఏడాది కూడా కాలేదు. అయినా ఆయన కళ్లలో నీళ్లు నిజమైనవే. నేను దగ్గర్నుంచి చూశాను.

"సార్, వాన రాకపోవడమే మాకు కావల్సింది" అన్నాడు బజారి. "పంట కోసేసినాం. బండ మీద ఎండతా ఉండాది. ఇంగో మూడు దినాలు ఎండ కాస్తే కొట్టుకుంటాం."

"బాధితులు తమ బాధను గుర్తించలేకపోవడం కరువు లక్షణాల్లో మొదటిది" అన్నారు సంచాలకులు. "మీకు భయం వద్దు. సంస్థ చేతులు ముడుచుకుని కూర్చోదు. లోటు వర్షపాతాన్ని కృత్రిమంగా భర్తీ చేయాలని ఉత్తర్వులు వచ్చాయి. రేపు ఫైరింజను వస్తుంది. గ్రామ పరిధి మొత్తం మీద ఋతువుకు తగిన వర్షం కురిపిస్తాం."

ముందు సుంకులమ్మే లేచింది.

"మొత్తం అంటే? బండ మీద కూడానా?"

"బండ గ్రామ పరిధిలోనే ఉంది కదమ్మా."

"ఆడ మా వాము ఉంది సార్! ఊరందరిదీ ఆడే ఉంది! దాన్ని ఇడిసిపెట్టి మిగతా ఊరు తడుపుకోండి. మా ఇండ్లు తడపండి. మా నెత్తిన పోయండి, నిలబడతాం."

"వాన పంటను చూసి పక్కకు తప్పుకుంటుందా తల్లీ?" సుధీంద్రరావు గారు చాలా మెత్తగా అడిగారు. "సహజత్వం పాటించాలి."

"అట్లయితే కప్పుకుంటాం. మా పట్టాలు మాకియ్యండి."

"కప్పితే ఆ మేరకు వర్షం నేలకు చేరదు. ఆ మేరకు కరువు నిలిచిపోతుంది. కరువును మీ చేతులతో మీరే దాచిపెట్టుకుంటారా?"

"దించి ఇండ్లలో ఏసుకుంటాం."

"రేపు ఉదయానికల్లానా?" అని ఆయన ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యపోవడం సబబే. ఊరందరి పంట, బండ ఎత్తున, పూర్తిగా ఎండని కట్టలు. ఇరుకు ఇళ్లలో పేర్చితే తెల్లారేసరికి బూజు.

సుంకులమ్మ నావైపు తిరిగింది. "నువ్వయినా చెప్పు సార్. చదువుకున్నోనివి."

నేను చెప్పాను. నా శక్తికొద్దీ, భూగోళశాస్త్రంతో సహా చెప్పాను. సుధీంద్రరావు గారు పూర్తిగా విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అధికారుల్లో ఇది అరుదైన గుణం. "మీరు చెప్పినదంతా సత్యం మాస్టారూ. కానీ మీరే కదా రోజూ సున్నా అని చెప్పింది?" అన్నారు.

ఇంటికి వెళుతూ సుంకులమ్మ టెంపో మేస్త్రీ ఇంటి ముందు ఆగడం చూశాను.

మర్నాడు ఫైరింజను వచ్చింది. ఎర్రగా, పూలదండతో, ముందు మైకు జీపుతో. "గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. మరికొద్ది సేపట్లో వర్షం. పశువులను లోపల కట్టుకోవలసింది" అని మైకు చెబుతోంది. ఎండకు మైకువాడు తలకు తువ్వాలు చుట్టుకున్నాడు.

ఫైరింజను నడిపే మనిషి పేరు మౌలాలి. నెరిసిన గడ్డం, తక్కువ మాటలు. పరుపుబండ కింద నుంచి వస్తూ బండి ఆపి దిగాడట. బండ మీదికి చూశాడట. సుంకులమ్మ కట్టల ముందు చీపురు పట్టుకుని నిలబడి ఉంది, ఫైరింజనును చీపురుతో ఆపబోతున్నదానిలా.

"వాము గదా?" అన్నాడట.

"వామే. మంటలార్పే బండితో వస్తివి. ఈడ మంట యాడుంది నాయనా? ఉంటే నా కడుపులో ఉంది, దాని మీద పోయ్" అందట.

అతను బండెక్కి ఊళ్లోకి వచ్చాడు. ఇది తర్వాత అతనే నాకు చెప్పాడు. వాళ్లమ్మ పత్తికొండ వైపు ధనియాలు పండించేదట. వాము వాసన ముక్కుకు తగిలాక ఆ కట్టల మీదికి గొట్టం తిప్పడానికి చెయ్యి రాలేదట.

వర్షారంభం నా పెరట్లోనే జరగాలని సుధీంద్రరావు గారు నిర్ణయించారు. "లెక్క మొదలయ్యేది మాపకం దగ్గరే కనుక తొలి చినుకు దానికే చెందాలి" అని. కొబ్బరికాయ కొట్టారు. మౌలాలి గొట్టం పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

"సార్, యాడ పట్టమంటారు?"

"మాపకం మీద."

"ఎంత జోరుగా?"

సుధీంద్రరావు గారు చరిత్రలోకి అడుగు పెడుతున్న మనిషిలా రొమ్ము విరిచారు. "ఋతువుకు తగినట్టు!"

మౌలాలి నావైపు చూశాడు. నేను కరివేపాకు చెట్టు వైపు చూశాను. అతను గొట్టం మర పూర్తిగా తిప్పేశాడు.

అంత వాన నా జీవితంలో చూడలేదు. మూడు ఊళ్ల మంటలార్పే నీళ్లు ఒక్క పెరట్లో పడ్డాయి. గోడ మీద కూర్చున్న జనం వెనక్కి పడ్డారు. శారద బట్టలుతికే రాయి మెరిసిపోయింది. మాపకం గరాటు నిండి, సీసా నిండి, రేకు గొట్టమూ అంచుదాకా నిండింది. మౌలాలి గొట్టం కట్టేశాక కాసేపు చెట్టు మీద నుంచి చుక్కలు రాలుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మాస్టారూ, కొలత" అన్నారు సంచాలకులు ముఖం తుడుచుకుంటూ.

నేను ఎప్పుడూ అబద్ధపు కొలత చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు. సీసాలో ఎంత ఉంటే అంత, రేకు గొట్టంలో ఎంత ఉంటే అంత, కలిపి సంస్థకు ఫోనులో చెప్పాను. వానాకాలంలో మాకు కురిసే దాంట్లో ఇంచుమించు సగం. అది అర నిమిషంలో కురిసింది.

ఫోనులో అమ్మాయి కెవ్వుమంది.

కొంచెంసేపటికి సుధీంద్రరావు గారి ఫోను మోగింది. ఆయన నిలబడి మాట్లాడారు. "అవునండీ... లేదండీ, నేల పొడిగానే ఉందండీ... ఉంది కానీ, మాపకం ప్రకారం... అలాగేనండీ, వెంటనే."

ఫోను జేబులో పెట్టుకుని, మాపకాన్నీ, తడి పెరటినీ, గోడ అవతల దుమ్ము లేస్తున్న వీధినీ చూశారు. మనిషిలో ఏదో పెనుగులాట జరిగింది. గెలిచింది ఉద్యోగమే.

"గుండ్లపరుపులో తీవ్ర వరద" అన్నారు. "దీనిని శుష్క వరదగా వర్గీకరించారు. నీరు కనబడదు కనుక మరింత ప్రమాదకరం. వరద ప్రాంతంలో ఇంకొక్క చుక్క కురిపించడం నేరం. ఫైరింజను వెంటనే వెనక్కి వెళ్లాలి. గ్రామస్థులందరినీ తక్షణమే ఎత్తైన ప్రదేశానికి తరలించాలి."

మా ఊళ్లో ఎత్తైన ప్రదేశం ఒక్కటే.

మధ్యాహ్నానికల్లా మైకు జీపు ఇల్లిల్లూ ఖాళీ చేయించింది. ముసలీ ముతకా, సుగ్గికి మూటలు కట్టుకున్నవాళ్లూ, వాము ఒక్క సెంటు కూడా వేయని శెట్టిగారూ, అంతా ఎండలో దుమ్ము రేపుకుంటూ వరద నుంచి పరుపుబండ మీదికి ఎక్కారు. సుంకులమ్మ వాళ్లందరినీ చూసి, ఇంకా అర్థం కాక, చీపురు దించలేదు.

"ఏందే, నీ వాము చూడను వచ్చినాం" అంది ఒక ముసలామె ఆయాసపడుతూ. "మునిగిపోతాండామంట."

"నీళ్లు పోసే బండి ఏదీ?"

"ఎల్లిపాయె. వరదంట."

సుంకులమ్మ అప్పుడు కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్విందో ఏడ్చిందో నేను పట్టి చూడలేదు.

వరద తగ్గినట్టు ఉత్తర్వులు వచ్చేదాకా కిందికి దిగకూడదు. పని లేక ఎంతసేపు కూర్చుంటారు? ఎండ కసిగా కాసింది. సంస్థవారు పంపిన పులిహోర పొట్లాలు తిన్నారు. అప్పటికే ఎండిన కట్టలు కొన్ని చేతికందేంత దూరంలో ఉన్నాయి. ఎవరో ఒకరు కర్ర తీసుకుని ఒక కట్ట కొట్టారు. ఇంకొకరు చాట అందుకున్నారు. మామూలుగా ఎవరి పంట వాళ్లు కొట్టుకునే ఊరు, కూలీలు దొరకని ఊరు, ఆ మూడు రోజులూ, కట్టలు ఎండేకొద్దీ, ఒక్క కుప్ప దగ్గర నుంచి ఇంకో కుప్పకు మారుతూ అందరి వామూ కొట్టి, తూర్పారబట్టింది. శెట్టిగారు బొటనవేలికి బొబ్బ ఎక్కించుకుని అందరికీ చూపించారు.

సుధీంద్రరావు గారు కూడా బాధితులతోనే ఉండాలన్న నియమం ప్రకారం బండ మీదే ఉన్నారు. రెండో రోజు పొట్ట పట్టుకుని ఒక రాయికి ఆనుకున్నారు. మొహం పాలిపోయింది. సుంకులమ్మ ఆయన్ను కాసేపు చూసింది. నేనైతే చూసీ చూడనట్టు ఉండేవాణ్ని. ఆమె మాత్రం తన కుప్పలోంచి ఒక చిటికెడు తీసి, అరచేతిలో నలిపి, ఉప్పు కలిపి ఇచ్చింది.

"నమిలి మింగు సార్. ఎన్ని దినాలాయె ఈ నొప్పి?"

"ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ" అన్నారు ఆయన.

నమిలారు. కొంచెంసేపటికి గట్టిగా తేన్చారు. మొదటిసారి ఆయన చెయ్యి పొట్ట మీద నుంచి తీయడం చూశాను. "చాలా ఘాటుగా ఉందమ్మా. తడవలేదు కదూ ఇది?" అన్నారు. ఆ తర్వాత సాయంత్రం దాకా చాట పట్టుకుని పొట్టు చెరిగారు. చెరగడం రాదు. సగం మీదే పోసుకున్నారు.

మూడో రోజు వరద తగ్గినట్టు కబురు వచ్చింది. బజారి బస్తాలు కుట్టి భుజాన వేసుకుని కిందికి దించాడు. గుంటూరు టెంపో ఆ మర్నాడు వాళ్ల ఇంటి ముందు ఆగి హారను కొట్టింది. సుంకులమ్మ బయటికి వచ్చి, "మేం రావడంల్యా అన్నా. పోండి" అంది. మేస్త్రీ కాసేపు ఆగి, ఆ ఇంటి తలుపుకు తాళం లేకపోవడం చూసి, వెళ్లిపోయాడు.

కథ ఇక్కడితో ముగిసేదే. కానీ ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం వాన వచ్చింది. అసలు వాన. పడమటి నుంచి నల్లగా వచ్చి దంచింది. నేను అలవాటు కొద్దీ మాపకం దగ్గరికి పరుగెత్తాను. దానికి గుడ్డ చుట్టి, లక్కతో ముద్ర వేసి ఉంది. వరద విచారణకు సాక్ష్యమట, తెరవకూడదు. సంస్థకు ఫోను చేశాను.

"సార్, మీ ఊరి కోటా ఐపోయింది" అంది ఆ అమ్మాయి. "వచ్చే జనవరి దాకా మీకు వాన లేదు."

"కురుస్తోందమ్మా. వినబడటం లేదా?"

"అది పక్క ఊరిదేమో సార్" అంది.

నేను వీధిలోకి వచ్చాను. ఎందుకో ఇంట్లోకి పోబుద్ధి కాలేదు. గోడ పైనుంచి కనబడే కరివేపాకు చెట్టు చివర్లన్నీ లేత చిగుళ్లు. ఆ రోజు పడ్డ వరదకు. శారద చూస్తే నా గిన్నెలు కడగడం మెరుగైందనుకునేది.

"ఓ సారూ!" ఎదురింటి చూరు కింద నుంచి సుంకులమ్మ కేకేసింది. "తడుస్తాండావు, లోనికి రా!"

"తడవడం లేదమ్మా. ఈ వాన లెక్కలో లేదు."

అంటూనే తుమ్మాను. ఇంకోసారి తుమ్మాను.

"మరి ఆ తుమ్ము యా ఋతువుదో?" అని పకపకా నవ్వింది. లోపల మల్లేశ్వరి ఏదో పాఠం గట్టిగా చదువుతోంది, వాన చప్పుడును మించి. నేను చూరు కిందికి నడిచాను. అప్పటికే వాము వేసిన నీళ్లు పొయ్యి మీద మరుగుతున్నట్టున్నాయి. ఆ వాసన గడప దాటి ఎదురొచ్చింది.